దుర్గాబాయి పద్దు, సూరత్ పిల్లలు

ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణానికి చేరువలో ఒక మెట్రో స్టేషను ఉన్నది. 2018లో తెరిచిన ఆ స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. రైలు ఆగబోయే ముందు ఆ పేరు హిందీలోనూ ఇంగ్లీషులోనూ వినిపిస్తుంది. విద్యార్థులు దిగుతారు, ఎక్కుతారు. ఆ పేరుగల వ్యక్తి ఎవరో వారిలో ఎందరికి తెలుసునో నేనెన్నడూ విచారించలేదు. తెలుగువాడిని కనుక ఆ పేరు చెవిని పడినప్పుడల్లా నాకు కొంచెం గర్వం కలిగేది, అంతటితో సరి. ఇటీవల సూరత్ వెళ్ళి వచ్చిన తర్వాత మాత్రం ఆ పేరు వినగానే ఒక లెక్క గుర్తుకు వస్తున్నది. ఈ వారం ఆ లెక్కను గురించి, దానిని తొలిసారిగా ప్రభుత్వం చేత వేయించిన మనిషిని గురించి పాఠకులతో ముచ్చటించదలిచాను.

సూరత్‌లో మనవారు ఎందరున్నారో తెలంగాణ చేనేత గ్రామాల వారికి వేరే చెప్పనక్కరలేదు. నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సూరత్‌లో దిగవచ్చు. ఆ రైలు పేరే ఎన్నో కుటుంబాల చరిత్ర. లింబాయత్ వంటి వాడలలో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, తెలుగు పలకరింపులు వినిపిస్తాయి. మన వాళ్ళు సాంచె అనే మరమగ్గాల షెడ్డును అక్కడ ఖాతా అంటారు. ఖాతాలో పని పన్నెండు గంటలు. కూలి మీటరు లెక్కన. మగవారు ఖాతాకు పోతే, ఆడవారు ఇంటి గడపలోనే కూర్చుని చీరలకు రాళ్ళు అతికిస్తారు, అంచులు కుడతారు, దారాలు కత్తిరిస్తారు. వారి కూలి చీర లెక్కన.

అటువంటి ఒక ఇంటి ముందు నేను కొంతసేపు కూర్చున్నాను. తల్లి చీర మీద వంచిన తల ఎత్తకుండానే మాట్లాడింది. జిగురు ఆరేలోగా రాయి అతకాలి కనుక ఎత్తడానికి వీలు లేదు. రెండేళ్ళ పిల్లవాడు ఆమె దగ్గరికి రాబోతే ఎనిమిదేళ్ళ అక్క చంకనెత్తుకుని అవతలికి తీసుకుపోయింది. జిగురు డబ్బా, సూదులు, కత్తెర ఉన్న చోటికి పిల్లవాణ్ణి రానివ్వకపోవడమే ఆ అమ్మాయి ఉద్యోగం. సూరత్ నగరపాలక సంస్థ ఇతర భాషలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ఇది ఆ నగరానికి గౌరవం తెచ్చే విషయం. ఆ అమ్మాయి పేరు బడి పట్టీలో ఉన్నదట. తమ్ముడు నిద్రపోయిన రోజున బడికి పోతుందట.

దగ్గరలో అంగన్‌వాడీ లేకపోలేదు. అయితే అక్కడ కూర్చోబెట్టేది మూడేళ్ళు నిండిన వారిని, అదీ రోజుకు కొన్ని గంటలే. మూడేళ్ళలోపు బిడ్డకు అంగన్‌వాడీ ఇచ్చేది ఇంటికి పట్టుకుపోయే పౌష్టికాహార పొట్లం మాత్రమే. పొట్లం బిడ్డ కడుపు చూస్తుంది కాని, బిడ్డను చూడదు. బిడ్డను చూసే మనిషి కావాలి. ఆ మనిషికి ప్రభుత్వం జీతం ఇవ్వకపోతే, ఇంట్లోని ఎనిమిదేళ్ళ ఆడపిల్ల తన చదువును జీతంగా చెల్లించుకుని ఆ పని చేస్తుంది. నేను చెప్పదలచిన లెక్క ఇదే.

ఎనిమిదేళ్ళ వయస్సు అనగానే దుర్గాబాయి జ్ఞాపకం రావడం కాకతాళీయం కాదు. ఆమెకు పెళ్ళి చేసింది ఆ వయస్సులోనే.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగింది కాకినాడలో. ఎనిమిదవ ఏట జరిగిన పెళ్ళి అర్థం ఆమెకు తెలిసేనాటికి ఆమె మనసు వేరే దారిన పడింది. యుక్తవయస్సు రాగానే ఆ కాపురానికి పోనని ఆమె స్పష్టం చేశారు. భర్త మరొక పెళ్ళి చేసుకోవడానికి తనకు అభ్యంతరం లేదన్నారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు. అటుతర్వాత చాలా ఏళ్ళకు ఆ భర్త మరణించినప్పుడు, ఆయన రెండవ భార్యను ఆదరించి, శిక్షణ ఇప్పించి, ఆమె కాళ్ళ మీద ఆమెను నిలబెట్టినది కూడా దుర్గాబాయే. బంధం వదులుకున్నారు కాని, ఆ బంధం వల్ల నష్టపోయిన మరొక స్త్రీని వదులుకోలేదు. ఆమె జీవితమంతటికీ ఇది ముందుమాట వంటిది.

ఇంగ్లీషు మాధ్యమం మీద నిరసనతో పన్నెండవ ఏటనే ఆమె బడి మానారు. మాని ఊరుకోక, తానే ఆడపిల్లలకు హిందీ పాఠశాల తెరిచారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకోవాలని ఈ పన్నెండేళ్ళ పిల్ల పట్టుపట్టింది. అందుకు 5,000 రూపాయల నిధి సమకూర్చాలని పెద్దలు షరతు పెడితే, దేవదాసీల తోడ్పాటుతోనే దానిని సమకూర్చింది. సమాజం వెలివేసిన స్త్రీల చేతి నుంచే డబ్బు పోగుచేయవచ్చునని, ఆ డబ్బుతో వారికే గౌరవం సంపాదించవచ్చునని ఆమె అప్పుడే గ్రహించారు. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వని కథ అందరూ ఎరిగినదే. నిబంధన అందరికీ ఒకటేనన్న ఆ పట్టుదల గ్రాంట్లు పంచే రోజులలో ఆమెకు అక్కరకు వచ్చింది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. ఆ తర్వాతి మూడేళ్ళలో ఆమె పలుమార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని గుల్ల చేసింది. అయినా ఆమె ఆ గోడల నడుమ నుంచి ఒక పాఠం తెచ్చుకున్నారు. హత్యానేరాలపై శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలు తమ వాదన తాము చెప్పుకోలేక, చెప్పేవారు లేక, అక్కడికి చేరిన సంగతి ఆమె చూశారు. త్యాగం చాలదు, చదువు కావాలని, అందులోనూ న్యాయశాస్త్రం కావాలని నిశ్చయించుకున్నారు.

బడి మానిన పిల్ల ఇరవై ఏళ్ళు దాటిన తర్వాత మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, స్త్రీలకు వసతిగృహం లేదు కనుక ప్రవేశం కష్టమన్నారు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆమె వాదనకు దిగలేదు. ఇదే కారణంగా చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రావలసిందని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవారిని పోగుచేసి, ఒక ఇల్లు తీసుకుని వసతిగృహం నడిపి చూపారు. పట్టా పుచ్చుకుని, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1942లో న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు.

ఈ మధ్యకాలంలోనే మైలాపూరులో ఇరుగుపొరుగు ఆడవారికి హిందీ నేర్పుతూ, కాశీ మెట్రిక్ పరీక్షకు తయారు చేస్తూ మొదలుపెట్టిన చిన్న బృందం 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదాల్చింది. వితంతువులు, భర్తలు వదిలిన వారు, చిన్నతనంలో చదువు ఆగినవారు అక్కడికి వచ్చేవారు. చదువుకునే తల్లి బిడ్డను ఎవరు చూడాలన్న ప్రశ్న అటువంటి సంస్థలో మొదటి వారంలోనే తలుపు తడుతుంది. అది పుస్తకాలలో దొరికే ప్రశ్న కాదు. బిడ్డను ఎత్తుకుని వచ్చి వెనుక వరుసలో కూర్చునే తల్లిని చూసినవారికి తెలిసేది.

1946లో మద్రాసు నుంచి ఆమె రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికయ్యారు. పరిషత్తు చర్చలలో ఆమె పేరు జి. దుర్గాబాయి అని కనిపిస్తుంది. సభాపతుల జాబితాలో ఆమె ఒకరు. న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం, హిందుస్తానీ భాష, రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును 35 నుంచి 30కి తగ్గించడం వంటి అంశాలపై ఆమె గట్టిగా పనిచేశారు. ఆ రోజులలోనే మద్రాసు రాష్ట్రం నుంచి ఉద్యోగాల కోసం ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబాల పిల్లలకు బడి లేదని గమనించి, 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపనకు పూనుకున్నారు. ఆ పాఠశాలలు ఈనాటికీ రాజధానిలో నడుస్తున్నాయి. ఊరు విడిచిన తెలుగువాడి బిడ్డకు ఆ కొత్త ఊరిలోనే ఏర్పాటు జరగాలన్న ఆలోచన ఆమెకు కొత్త కాదని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావించాను.

1952 సార్వత్రిక ఎన్నికల తర్వాత ఆమెకు పార్లమెంటులో స్థానం లేకపోయింది. అదే సంవత్సరం ప్రణాళికా సంఘ సభ్యత్వం లభించింది. ఎన్నికలలో ఓడినవారికి ఇచ్చే ఊరడింపు పదవిగా కొందరు దానిని భావించి ఉండవచ్చు. ఆమె మాత్రం ఆ కుర్చీలో కూర్చుని ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాల లెక్కల నడుమ ఒక కొత్త పద్దు చేర్పించారు. ప్రథమ పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల ద్వారా స్త్రీ శిశు సంక్షేమానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ప్రణాళిక మొత్తం వ్యయంతో పోలిస్తే ఇది సముద్రంలో కాకిరెట్ట. అయినా, పసిబిడ్డ సంరక్షణ ధర్మకర్తల దయ మీద కాక, దేశం బడ్జెట్టు మీద ఆధారపడవలసిన విషయమని ప్రభుత్వం తొలిసారి కాగితం మీద ఒప్పుకున్నది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమె.

అదే సంవత్సరం జనవరి 22న ఆమె అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ప్రధాని నెహ్రూ సాక్షి సంతకం చేశారు. ఆర్థికమంత్రి ఖజానాకు కాపలాదారు. భార్య ఆ ఖజానా నుంచి పసిపిల్లల కోసం డబ్బు అడిగే మనిషి. రాజధానిలో ఇటువంటి జంట మళ్ళీ కనిపించలేదు.

బోర్డు పనిచేసే తీరును కొంచెం వివరించాలి. అందులో అధిక సంఖ్యాకులు అధికారులు కారు, సంఘసేవ చేస్తున్న స్త్రీలు. 1954 నుంచి రాష్ట్రాలలోనూ ఇటువంటి బోర్డులు ఏర్పడ్డాయి. ఊరిలో ఒక మహిళా మండలి బాలవాడి నడుపుతున్నదనుకుందాం. ఆ మండలి దరఖాస్తు పెట్టాలి. బోర్డు పంపిన వారు వచ్చి చూడాలి. మండలి తన వంతు కొంత సొమ్ము కూర్చుకోవాలి. మిగిలినది గ్రాంటుగా రావాలి. 1954లో మొదలైన సంక్షేమ విస్తరణ పథకాలలో ఒక్కొక్క దానికి సుమారు 25 గ్రామాలు చేర్చారు. బాలవాడి, ప్రసూతి సేవ, స్త్రీలకు అక్షరాలు, చేతిపనులు అన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. 1957 తర్వాత వీటిని సమాజ వికాస బ్లాకులతో జతచేశారు.

బాలవాడి అనే మాట మన దేశంలో నాటుకున్నది ఎక్కువగా పడమటి తీరాన. భావనగర్‌లో గిజూభాయ్ బధేకా 1920లో బాలమందిరం తెరిచి, పిల్లలను కొట్టకుండా చదువు చెప్పవచ్చునని గుజరాతీలకు చూపారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో బోర్డీ గ్రామంలో బీద పిల్లల నడుమ పని మొదలుపెట్టారు. సూరత్ నుంచి ముంబయి పోయే రైలు దారిలో ఘోల్వడ్ స్టేషను దగ్గర దిగితే ఆ ఊరు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి పెరటిలోకి తీసుకుపోవాలన్నది ఆమె పద్ధతి. అంగన్‌వాడీ అనే మాట అలా పుట్టింది. గుజరాతీ, మరాఠీ ఉపాధ్యాయుల ఈ ప్రయోగానికి ప్రభుత్వ ధనం దారి చూపినవారిలో మన దుర్గాబాయి అగ్రగణ్యులు. నేడు సూరత్‌లో తెలుగు పిల్లవాడికి చోటు దొరకని ఆ అంగన్‌వాడీ పుట్టిల్లు కొద్ది గంటల రైలు ప్రయాణంలోనే ఉన్నది.

ఆమె చేసిన పనులలో నాకు అన్నిటికంటె గొప్పగా కనిపించేది మరొకటి. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా శిక్షణ ప్రారంభించింది. చిన్నతనంలో చదువు ఆగిపోయిన స్త్రీలను రెండేళ్ళలో పరీక్షకు తయారు చేయడం దాని ఉద్దేశం. మైలాపూరులో ఆమె చేసినదే ఇప్పుడు దేశమంతటా. ఇలా పరీక్ష నెగ్గిన స్త్రీలు ఏమి చేయాలి? బాలసేవికలుగా, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా పనిచేయాలి. అంటే, బాలవాడి వల్ల ఒక తల్లికి పని చేసుకునే తీరిక దొరుకుతుంది. బిడ్డకు తోడు, తిండి, ఆట దొరుకుతాయి. ఆ బాలవాడి నడిపే స్త్రీకి జీవనం దొరుకుతుంది. ఒక్క రూపాయి మూడు చేతులకు పని కల్పిస్తుంది. ఈ మూడింటిని విడదీయకుండా చూసిన దృష్టి ఆమెది. అదే సంవత్సరం ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికీ ఆమెయే అధ్యక్షురాలు.

పొగడ్తతో సరిపెట్టడం పత్రికా ధర్మం కాదు. ఆ ఏర్పాటులో లోపాలు ఉన్నాయి. గ్రాంటు రావాలంటే రిజిస్టరైన సంస్థ కావాలి, లెక్కలు రాసేవారు కావాలి, ముందుగా పెట్టుబడి పెట్టే స్తోమత కావాలి. కనుక చదువుకున్న కుటుంబాల స్త్రీలు ఉన్న చోటికి డబ్బు వెళ్ళింది. అటువంటివారు లేని పేదవాడకు వెళ్ళలేదు. సేవ అన్న పేరు మీద బాలసేవికకు ఇచ్చిన ప్రతిఫలం జీతమని పిలవడానికి వీలు లేనంత తక్కువ. అన్నిటికంటె ముఖ్యంగా, గ్రాంటు సంస్థకు దక్కింది కాని బిడ్డకు హక్కుగా దక్కలేదు. సంస్థ మూతపడితే బిడ్డ అడగడానికి చోటు లేదు. బిడ్డ ఊరు మారితే గ్రాంటు వెంట రాదు. ఊరు విడిచిన తెలుగువారికి ఢిల్లీలో బడి పెట్టించిన మనిషి పద్ధతిలోనే ఈ లోపం మిగిలిపోవడం విచారకరం.

1960 దశాబ్దంలో ఆమె బోర్డును వదిలారు. దేశ్‌ముఖ్ దంపతులు 1967 తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆంధ్ర మహిళా సభ అక్కడ కళాశాలలుగా, ఆసుపత్రిగా విస్తరించింది. 1975లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. ఆమె వేసిన విత్తనం ఆ కాలంలోనే రెండుగా చీలింది. 1974 ఆగస్టులో జాతీయ బాలల విధానం ప్రకటించారు. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అంగన్‌వాడీలు దాని సంతానం. అదే కాలంలో పనిచేసే తల్లుల పిల్లల కోసం క్రెష్‌ల పథకాన్ని వేరుగా, స్వచ్ఛంద సంస్థల ద్వారా, మొదలుపెట్టారు. మొదటిదానికి తిండి, టీకాలు, రెండవదానికి వేళలు. మొదటిది మహావృక్షమయింది. రెండవది కుండీలో మొక్కగా మిగిలింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.

కుండీలోని మొక్క కథను అంకెలలో చెప్పుకోవచ్చు. 1994లో జాతీయ క్రెష్ నిధి ఏర్పడింది. 2006 జనవరి 1 నుంచి పాత ఏర్పాట్లన్నీ కలిపి రాజీవ్ గాంధీ పేర ఒకే పథకం చేశారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళలోపు పిల్లలు 25 మంది ఒక కేంద్రంలో. రోజుకు ఎనిమిది గంటలు. కుటుంబ ఆదాయ పరిమితిని నెలకు 12,000 రూపాయలకు పెంచారు. ఇంతవరకు శ్లాఘనీయమే. పిల్లవాడి ఆహారానికి ఇచ్చినది రోజుకు 2 రూపాయల 8 పైసలు. పిల్లలను చూసే ఇద్దరు కార్యకర్తలకు కలిపి నెలకు 2,000 రూపాయలు. ఎనిమిది గంటలు పాతిక మంది పసివాళ్ళను మోసిన స్త్రీకి రోజుకు నలభై రూపాయలయినా దక్కలేదన్న మాట.

2017లో ఆ పథకం భారంలో పెద్ద వాటాను రాష్ట్రాలకు అప్పగించారు: కేంద్రానిది 60 పాళ్ళు, రాష్ట్రాలది చాలాచోట్ల 30, సంస్థలది 10. 2015 నాటికి దేశంలో 23 వేలకు పైగా ఉన్న కేంద్రాలు 2020 నాటికి ఏడు వేలలోపుకు పడిపోయాయి. 2022లో పాల్నా అనే కొత్త పేరు వచ్చింది. అంగన్‌వాడీలకు అనుబంధంగా 17,000 క్రెష్‌లు నెలకొల్పడం లక్ష్యంగా పెట్టుకున్నారు. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును మూసివేశారు. దుర్గాబాయి పేర మెట్రో స్టేషను తెరిచిన నాలుగేళ్ళకు ఆమె స్థాపించిన బోర్డు లేకుండా పోయింది. రాజధానిలో నివాళులకు కొదవ లేదు.

రాజ్యాంగం సంగతీ చెప్పుకోవాలి. 2002 నాటి 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వారికి విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ళలోపు వారి సంరక్షణను మాత్రం 45వ అధికరణంలో, ప్రభుత్వం ప్రయత్నించవలసిన విషయంగా ఉంచింది. ఆదేశిక సూత్రం మీద కోర్టులో దావా వేయలేము. చిత్రమేమంటే, తమ్ముడి సంరక్షణ హక్కు కాకపోవడం వల్ల అక్క చదువు హక్కు అమలు కావడం లేదు. ఒకే చంకలో రెండు అధికరణాలు ఉన్నాయి.

ఇక సూరత్‌కు తిరిగి వద్దాము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. మరమగ్గాల ఖాతాలో పనిచేసేది మగవారు. స్త్రీలు ఖాతాలో లేరు, ఇంట్లో ఉన్నారు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు. కనుక నగరమంతటి చీరల మెరుపు వెనుక ఉన్న ఈ చేతులు ఏ చట్టం లెక్కలోకీ రాలేదు. యజమాని ఎవరంటే చీరల మూట తెచ్చి ఇచ్చే మనిషి పేరు చెబుతారు. అతనికి పని ఇచ్చినవారెవరో వారికి తెలియదు. ఏ యజమాని ద్వారం దగ్గర క్రెష్ అడగాలి?

పైగా ఈ కుటుంబాలు రెండు రాష్ట్రాల నడుమ ఊగుతుంటాయి. పండుగకు, పురిటికి ఊరు పోతారు. తిరిగి వచ్చేసరికి గది మారుతుంది, వాడ మారుతుంది. ఒక రాష్ట్రం వీరిని వలస పోయినవారిగా, మరొక రాష్ట్రం వలస వచ్చినవారిగా చూస్తుంది. రేషను విషయంలో ఈ చిక్కును విప్పగలిగారు. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ ఒకే దేశం, ఒకే రేషను కార్డు ఏర్పాటులో చేరాయి. నల్గొండ కార్డుతో సూరత్‌లో బియ్యం తీసుకునే వీలు కలిగింది. బియ్యం హక్కు మనిషి వెంట నడవగలిగినప్పుడు, బిడ్డను చూసే హక్కు ఎందుకు నడవదు? సంస్థకు ఇచ్చే గ్రాంటును బిడ్డ పేర లెక్కవేసి, బిడ్డ ఎక్కడ ఉంటే అక్కడి కేంద్రానికి చెల్లించడం అసాధ్యమేమీ కాదు.

ఆ కేంద్రం నడిపేవారు దొరకరని అధికారులు అనవచ్చు. అహ్మదాబాదులో సేవా సంస్థకు చెందిన పనివారి స్త్రీలు సంగిని అనే సహకార సంఘం పెట్టుకుని, తల్లుల పనివేళలకు సరిపోయేటట్లు తామే శిశుకేంద్రాలు నడిపి చూపారు. లింబాయత్‌లో పదో తరగతి వరకు చదివిన తెలుగు కోడళ్ళు ఉన్నారు. వారికి శిక్షణ ఇచ్చి, జీతమని పిలవదగిన జీతం ఇస్తే, బిడ్డకు తన భాషలో జోలపాట వినిపిస్తుంది, నగర భాషలో నాలుగు మాటలూ వస్తాయి. ఇది దుర్గాబాయి పాత లెక్కే: ఒక రూపాయి, మూడు చేతులు. సూరత్ చేతకాని నగరం కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి లక్షల మంది పారిపోయిన ఊరిని, కమిషనరు ఎస్. ఆర్. రావు హయాంలో, రెండేళ్ళు తిరగకుండానే దేశంలోని శుభ్రమైన నగరాలలో ఒకటిగా మార్చుకున్నది. వీధులు ఊడ్చడానికి దొరికిన సంకల్పం పసిబిడ్డలకు దొరకకూడదా?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకూ ఇందులో పని ఉన్నది. ఎన్నికల ముందు సూరత్ వెళ్ళి ఓటర్లను రైలెక్కించుకుని రావడానికి నాయకులు దొరుకుతున్నారు. ఆ ఓటర్ల పిల్లలు పగలు ఎవరి దగ్గర ఉంటున్నారని వారిలో ఒక్కరైనా అడిగిన దాఖలా లేదు. తెలుగు పుస్తకాలు, శిక్షకులు, ఖర్చులో కొంత వాటా ఇస్తామని గుజరాత్ ప్రభుత్వంతో ఒక ఒప్పందానికి రావడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. ఒక ఉత్తరం చాలు.

నేను బయలుదేరేసరికి పిల్లవాడు అక్క భుజం మీద నిద్రపోయాడు. బడికి వేళ మించిపోయింది. ఆ అమ్మాయి వాణ్ణి తల్లి పక్కన పడుకోబెట్టి, తాను కూడా ఒక చీర కొంగు లాక్కుని రాళ్ళు అతికించడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళ వయస్సులో తనకు జరిగిన అన్యాయాన్ని దుర్గాబాయి తర్వాతి అరవై ఏళ్ళకు పైగా ఇతరులకు జరగకుండా చూడడానికి వెచ్చించారు. ఈ అమ్మాయికి మనం మిగిల్చిన గడువు అంత లేదు. వచ్చే జూన్‌లో బడి పట్టీ మళ్ళీ రాస్తారు.